గడప దాటిన ప్రసంగం

బ్రిస్టల్ నగరం నడిబొడ్డున లూయిన్స్ మీడ్ అనే వీధిలో ఒక పాత రాతి మందిరం ఉంది. 1788లో కట్టడం మొదలుపెట్టి 1791లో ఆరాధనకు తెరిచారు. దాని నమూనా గీసినవాడు విలియం బ్లాక్‌బర్న్. ఆ కాలపు ఇంగ్లండ్‌లో ఆయన పేరు చెబితే జనానికి గుర్తొచ్చేది జైళ్ళు. గ్లోస్టర్‌షైర్ జిల్లాలో కొత్త పద్ధతి కారాగారాలన్నీ ఆయన చేతి మీదుగానే లేచాయి. బ్రిస్టల్ పొలిమేరలోని లాఫర్డ్స్ గేట్ జైలు కూడా వాటిలో ఒకటి. మందిరం పూర్తయ్యేదాకా ఆయన బతకలేదు, 1790లోనే పోయాడు. జైళ్ళ నమూనాలు గీసిన చేతి గీతతో లేచిన ఈ గుడిలోంచి అరవై ఏళ్ళ తర్వాత ఒక స్త్రీ బయటికొచ్చి, చిన్నపిల్లల్ని జైల్లో పెట్టడం తప్పని బ్రిటిష్ పార్లమెంటు కమిటీ ముందు వాదించింది. కాకతాళీయమే కావచ్చు. కానీ ఈ సంఘం చరిత్రను ఎక్కడ మొదలుపెట్టాలో ఆ కాకతాళీయమే చెబుతోంది.

లూయిన్స్ మీడ్ సంఘం పదిహేడో శతాబ్దం చివర ప్రెస్బిటేరియన్ల సంఘంగా పుట్టింది. రాజుగారి చర్చిలో ఇమడని ప్రొటెస్టెంట్లు అక్కడక్కడా కట్టుకున్న మందిరాల్లో అదొకటి. ఇలాంటి మందిరాల దస్తావేజుల్లో చాలావాటికి ఒక విశేషం ఉండేది. స్థలం దైవారాధనకని రాశారు గానీ, అక్కడ కూర్చునేవాడు ఫలానా విశ్వాస ప్రమాణానికి తలూపాలని రాయలేదు. ఆ ఖాళీలోంచే తరాల తరబడి ఆలోచన మెల్లమెల్లగా జరిగి, పద్దెనిమిదో శతాబ్దం ముగిసేసరికి త్రిత్వాన్ని పక్కనపెట్టి దేవుడు ఒక్కడేనన్న యూనిటేరియన్ బోధ ఈ వేదికల మీద స్థిరపడింది. అది సులువుగా జరగలేదు. 1689 నాటి సహన చట్టం త్రిత్వాన్ని కాదనేవాళ్ళను తన నీడలోకి రానివ్వలేదు. వాళ్ళ ఆరాధన చట్టబద్ధమైంది 1813లోనే. లూయిన్స్ మీడ్ మందిరం తెరిచిన 1791లోనే, జులైలో, బర్మింగ్‌హామ్‌లో అల్లరిమూక జోసెఫ్ ప్రీస్ట్‌లీ ఇంటినీ, ఆయన బోధించే మందిరాన్నీ తగలబెట్టింది. అలాంటి ఏడాదిలో బ్రిస్టల్ వర్తకులు నగరం మధ్యలో ఇంత పెద్ద భవనం ఎత్తారంటే, వాళ్ళ దగ్గర ధైర్యంతో పాటు డబ్బు కూడా దండిగా ఉండి ఉండాలి.

డబ్బు సంగతి దాటవేయడానికి వీల్లేదు. బ్రిస్టల్ సంపద చాలావరకు చక్కెర, పొగాకు, బానిసల వ్యాపారం మీద లేచింది. ఈ సంఘంలో ప్రముఖులైన బ్రైట్ కుటుంబానికి జమైకాలో తోటలుండేవి. ఆ కాలపు చాపెళ్ళలో కుటుంబానికో పెట్టెబెంచీ ఉండేది: నడుమెత్తు చెక్క గోడలు, దానికో చిన్న తలుపు, లోపల మెత్తలు. ఆ చోటుకు ఏడాదికింత అని అద్దె. బోధకుడి జీతం చాలావరకు ఆ అద్దెల్లోంచే వచ్చేది. ఆరాధనలో ప్రార్థన, కీర్తనలు, వాక్యపఠనం అన్నీ ఉన్నా గుండెకాయ మాత్రం ప్రసంగమే. మన ఊళ్ళలో పురాణ కాలక్షేపానికి వచ్చినవాడు కథ విని కళ్ళొత్తుకుంటాడు. ఇక్కడి శ్రోత వాదం విని తూచేవాడు. 1817 నుంచి ఆ వేదిక మీద నిలబడ్డ లాంట్ కార్పెంటర్ బడిపంతులు కూడా. డేవిడ్ హార్ట్‌లీ తాత్త్విక సంప్రదాయంలో పెరిగినవాడు. మనిషి స్వభావం పుట్టుకతో తేలిపోదు, చుట్టూ ఉన్న పరిస్థితులూ అనుభవాలూ కలిసి అల్లుతాయి, మంచి పరిస్థితుల్లో పెట్టిన మనసు మంచి వైపే పెరుగుతుంది అన్నది ఆ సంప్రదాయం. ఆదిపాపాన్ని నమ్మే సంఘాలకు ఈ మాట వినలేనిది. ఈ సంఘానికి మాత్రం ఇదే సువార్త.

ఉదారవాద క్రైస్తవుల మీద ఒక పాత విమర్శ ఉంది. సిద్ధాంతం పలచబడ్డాక చెప్పడానికేమీ మిగలక వాళ్ళు సమాజసేవలో పడ్డారని, దేవుణ్ణి పోగొట్టుకున్న చోట అనాథ శరణాలయం కట్టుకున్నారని. వినడానికి బాగుంటుంది గానీ తేదీలతో పొసగదు. లూయిన్స్ మీడ్‌లో త్రిత్వం ఎప్పుడో సడలింది. మందిరానికి కూతవేటు దూరంలోనే ఇరుకు సందులు, మురికి పెరళ్ళు, పనిలేని కూలీలు. అయినా 1791 నుంచి నలభై ఏళ్ళు ఆ సంఘం ఆ సందుల్లోకి పనిగట్టుకుని దిగలేదు. దానధర్మాలు లేవని కాదు. సండేస్కూలు ఉంది. అంతకు ముందు బోధకుడి కొడుకు, కంటి వైద్యుడు జాన్ బిషప్ ఎస్ట్‌లిన్ 1812లోనే పేదలకోసం కంటి ఆసుపత్రి తెరిచాడు. కానీ అవన్నీ తన దగ్గరికి వచ్చినవాడికి చేయిచాచడం. వాడి ఇంటికి వెళ్ళడం వేరు. సిద్ధాంతం సడలడమే సేవకు కారణమైతే ఈ నలభై ఏళ్ళ మౌనానికి అర్థం లేదు. నా వాదన వేరే: సేవ పుట్టింది నమ్మకం తగ్గినందువల్ల కాదు, వేదిక మీద చెప్పిన ఒక నమ్మకాన్ని కొందరు నిజమని పట్టించుకున్నందువల్ల. అయితే ఆ పట్టింపు కలగడానికి సందుల్లోని జనం బెంచీల్లోని జనం కళ్ళపడాల్సి వచ్చింది.

ఆ చూపు మూడేళ్ళలో పడింది. 1831 అక్టోబరు చివర, ఓటుహక్కు సంస్కరణల గొడవలో బ్రిస్టల్ మూడు రోజులు మండింది. క్వీన్ స్క్వేర్ ఇళ్ళు తగలబడ్డాయి, జైళ్ళు విరగ్గొట్టారు. బ్లాక్‌బర్న్ కట్టిన లాఫర్డ్స్ గేట్ జైలు కూడా అందులో కాలింది. మరుసటి ఏడాది కలరా వచ్చింది. అప్పటికి లాంట్ కార్పెంటర్ పెద్దకూతురు మేరీ సంఘం సండేస్కూలు బాధ్యత చూస్తోంది. తండ్రి బడిలో మగపిల్లలతో సమానంగా లాటిన్, గ్రీకు, భౌతికశాస్త్రం చదువుకున్న అమ్మాయి; తర్వాత పేరుమోసిన తత్త్వవేత్త అయిన జేమ్స్ మార్టినో ఆ బడిలోనే సహాధ్యాయి. సండేస్కూలుకు రాని పిల్లల కోసం వాళ్ళ ఇళ్ళకు వెళ్తే ఆమెకు ఇళ్ళు కనిపించాయి. అప్పటిదాకా ఆ సంఘానికి పేదపిల్లలు తెలుసు, పేద ఇళ్ళు తెలియవు.

1833లో ఇద్దరు అతిథులు బ్రిస్టల్‌కు వచ్చారు. మొదటి ఆయన మనకు బాగా తెలిసినవాడే: రాజా రామ్మోహన్ రాయ్. 1821లోనే కలకత్తాలో యూనిటేరియన్ కమిటీని నిలబెట్టినవాడు, ఇక్కడివాళ్ళతో ఏళ్ళ తరబడి ఉత్తర ప్రత్యుత్తరాలు జరిపినవాడు. సెప్టెంబరులో స్టేపుల్‌టన్ గ్రోవ్ అనే ఇంట్లో దిగాడు, లూయిన్స్ మీడ్ ఆరాధనలో కూర్చున్నాడు, జ్వరం తగిలి 27వ తేదీన కన్నుమూశాడు. చూసిన వైద్యుల్లో ఎస్ట్‌లిన్ ఒకడు. ఏ మత తంతూ లేకుండా ఆ ఇంటి తోటలోనే మౌనంగా ఖననం చేశారు. లాంట్ కార్పెంటర్ లూయిన్స్ మీడ్ వేదిక మీద నివాళి ప్రసంగం చేసి అచ్చువేశాడు. రెండో అతిథి బోస్టన్ నుంచి వచ్చిన జోసెఫ్ టకర్‌మన్. ఆయన బ్రిస్టల్ వీధిలో మేరీతో నడుస్తుండగా గుడ్డపేలికలు చుట్టుకున్న కుర్రాడొకడు సందులోంచి దూసుకొచ్చి రోడ్డు దాటి మాయమయ్యాడట. ఆ పిల్లవాడి వెనకే ఇంటిదాకా వెళ్ళి వాడి సంగతేమిటో కనుక్కోవాలని టకర్‌మన్ అన్నాడని మేరీ జీవితచరిత్ర చెబుతుంది. ఆ ఒక్క మాటే తన జీవితాన్ని మలుపు తిప్పిందని ఆమె తర్వాత తలుచుకునేది. వీధిలో మురికిగా ఎదురైన పిల్లవాణ్ణి చూసి జాలిపడటమో చీదరించుకోవడమో అందరూ చేసేదే. వాడి ఇంటి గడపదాకా నడవాలన్నది మాత్రం కొత్త.

టకర్‌మన్‌కు ఆ ఆలోచన ఎలా వచ్చిందో చూస్తే బెంచీ కథ పూర్తిగా అర్థమవుతుంది. బోస్టన్‌లో ఉదారవాద సంఘాల బెంచీలు ఆస్తులు. దస్తావేజు రాసుకుని కొనొచ్చు, అమ్మొచ్చు, వారసులకు ఇవ్వొచ్చు. పైగా ఏటా పన్ను. బెంచీ లేనివాడికి సంఘం లేదు, సంఘం లేనివాడికి బోధకుడు లేడు. చెల్సీలో పాతికేళ్ళు బోధించి గొంతు పాడైన టకర్‌మన్ 1826లో ప్రసంగ వేదిక వదిలి, బోస్టన్ పేదవాడల్లో ఇల్లిల్లూ తిరిగే బోధకుడిగా కుదురుకున్నాడు. ఆయనకు అండ నిలిచినవాడు కాలేజీ స్నేహితుడు, ఫెడరల్ స్ట్రీట్ సంఘం బోధకుడు విలియం ఎలరీ చానింగ్. 1819లో బాల్టిమోర్‌లో చేసిన ప్రసంగంతో అమెరికా యూనిటేరియన్లకు గొంతు ఇచ్చినవాడు; మనిషిలో దేవుని పోలిక ఉందని, అది పెరిగేదని, ఏ మనిషిలోనూ పూర్తిగా చెరిగిపోదని బోధించినవాడు. ఆ మాట విన్న బెంచీ యజమాని తృప్తిగా ఇంటికి వెళ్ళాడు. టకర్‌మన్ మాత్రం జైలు నుంచి వచ్చిన కుర్రాడిలో, తాగుబోతు మేస్త్రిలో ఆ పోలిక నిజంగా ఉందో లేదో చూడటానికి మెట్లెక్కాడు.

బ్రిస్టల్‌లో మేరీ 1835లో సంఘం తరఫున ఒక సందర్శన సంఘం పెట్టింది. చుట్టుపక్కల వీధుల్ని వాటాలుగా పంచుకుని, సభ్యులు ఇళ్ళకు వెళ్ళి చూసి రావాలి. ఆ పనికి ఆమె ఇరవై ఏళ్ళకు పైగా కార్యదర్శి. 1846 ఆగస్టులో లూయిన్స్ మీడ్‌లో ఒక గది అద్దెకు తీసుకుని చింపిరిపిల్లల బడి తెరిచింది. మామూలు బళ్ళు రానివ్వని పిల్లలు వాళ్ళు: చెప్పుల్లేవు, చొక్కాల్లేవు, కొందరికి పడుకోవడానికి ఇల్లే లేదు. మొదటి ఆదివారం మధ్యాహ్నం పాఠం నడుస్తుండగా ఒకడు లేచి ఇక కొట్టుకుందాం రండన్నాడు, తక్కినవాళ్ళు సై అన్నారు. ఇలాంటి బడికి ఒక పూర్వీకుడున్నాడు. పోర్ట్స్‌మత్‌లో జాన్ పౌండ్స్ అనే చెప్పులు కుట్టే మనిషి, ఓడల గోదిలో పడి కుంటివాడైనవాడు, తన ఇరుకు దుకాణంలో చెప్పుకు మేకులు కొడుతూనే వీధిపిల్లలకు చదువు చెప్పేవాడు. రానని మొరాయించేవాడికి కాల్చిన వేడి బంగాళాదుంప చూపించి పిలిచేవాడు. 1839లో పోయాడు, ఆ ఊరి యూనిటేరియన్ మందిరం ఆవరణలోనే పడుకున్నాడు. మేరీ బడి త్వరలోనే సెయింట్ జేమ్స్ బ్యాక్ అనే సందులోకి మారింది. చదువుకన్నా ముందు అక్కడ పిల్లలకు కావాల్సింది ఒళ్ళు కడుక్కోవడానికి నీళ్ళని ఆమెకు తొందరగానే తెలిసింది.

ఇక్కడిదాకా ఎవరైనా చేసే మంచిపనే అనిపించవచ్చు. ఆమె నమ్మకం దేనిమీద నిలిచిందో బయటపడింది దొంగపిల్లల విషయంలో. బడికి వచ్చే కుర్రాళ్ళు జేబులు కొట్టి పట్టుబడి జైలుకు పోయి, తిరిగొచ్చేసరికి మరింత రాటుదేలేవాళ్ళు. 1851లో ఆమె పుస్తకం రాసింది. అదే ఏడాది బర్మింగ్‌హామ్‌లో ఇదే విషయం మీద జరిగిన సమావేశాన్ని నడిపించింది గానీ, ఆడది సభలో మాట్లాడటం మర్యాద కాదని తానే నోరు విప్పలేదు. మరుసటి ఏడాది పార్లమెంటు కమిటీ ముందు మాత్రం సాక్ష్యం చెప్పింది. ఆ పిల్లలు సమాజానికి బాకీ కాదు, సమాజమే వాళ్ళకు బాకీ పడిందన్నది ఆమె వాదన సారాంశం. 1852లో కింగ్స్‌వుడ్‌లో, ఒకప్పుడు జాన్ వెస్లీ నడిపిన బడి భవనంలో, సంస్కరణ పాఠశాల తెరిచింది. 1854లో ఆడపిల్లల కోసం రెడ్ లాడ్జ్ అనే పాతకాలపు ఇల్లు, కవి బైరన్ భార్య డబ్బు సాయంతో. ఆ ఏడాదే బాలనేరస్థుల చట్టం వచ్చింది. ఇలాంటి పాఠశాలలకు ప్రభుత్వ గుర్తింపు దక్కింది గానీ ఒక మెలిక పెట్టారు: పిల్లవాడు ముందు పద్నాలుగు రోజులైనా జైల్లో ఉండి తీరాలి. తప్పు చేశాక దెబ్బ తగలాలి కదా అన్నది వాళ్ళ లెక్క. మేరీకి ఆ పద్నాలుగు రోజులే అసలు తప్పు. చట్టంలోంచి ఆ షరతు పూర్తిగా పోవడానికి 1899 దాకా పట్టింది. ఈ పద్నాలుగు రోజుల తగాదా నిజానికి సిద్ధాంతం తగాదా. మనిషి మొదటి స్థితి పాపమనుకుంటే ముందు శిక్ష, తర్వాత దయ. మనిషిని పరిస్థితులు అల్లుతాయనుకుంటే జైలు కూడా ఒక పరిస్థితే, అదీ అన్నిటికన్నా చెడ్డది. లాంట్ కార్పెంటర్ వేదిక మీద చెప్పిన హార్ట్‌లీ పాఠం కూతురి చేతిలో చట్టసవరణ డిమాండుగా మారింది.

దీనికి ఒక బలమైన ఆక్షేపణ ఉంది, అదీ అదే ఊళ్ళోంచి. అదే కాలంలో బ్రిస్టల్‌లో జార్జ్ ముల్లర్ ఉన్నాడు. బ్రదరన్ సంఘస్థుడు, మనిషి పతనాన్ని, క్రీస్తు రక్తంలో రక్షణను అక్షరాలా నమ్మినవాడు. 1836లో విల్సన్ స్ట్రీట్‌లో ఒక్క ఇంటితో మొదలుపెట్టి, 1870 నాటికి ఆష్లీ డౌన్ గుట్ట మీద 5 భవనాల్లో 2,050 మంది అనాథలకు చోటిచ్చాడు. గోదావరి జిల్లాల క్రైస్తవులకు ఆ పేరు పరాయిది కాదు. ముల్లర్ బావమరిది ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ వెంట 1836లో వచ్చిన బౌడన్, బీర్ కుటుంబాలే నరసాపురం కేంద్రంగా గోదావరి డెల్టా మిషన్‌ను నిలబెట్టాయి. మరి ఉదారవాద సిద్ధాంతంలోంచే సేవ పుట్టిందంటే, దాన్ని తలకిందులు చేసిన సిద్ధాంతంలోంచి అంతకన్నా పెద్ద సేవ ఎలా పుట్టింది? ప్రశ్న న్యాయమైనదే. సేవ పరిమాణాన్ని సిద్ధాంతం తేల్చదని ఒప్పుకోవాలి. అది తేల్చేది మరొకటి: ఎవరు సేవకు అర్హులు, ఆ సేవ దేన్ని రుజువు చేయాలి అన్నవి. ముల్లర్ తన శరణాలయాల మొదటి ఉద్దేశం అనాథలు కూడా కాదన్నాడు. ప్రార్థిస్తే దేవుడు వింటాడని లోకానికి చూపించడమన్నాడు. అందుకే ఎవరినీ చందా అడగలేదు. చేర్చుకునేది ధర్మబద్ధమైన పెళ్ళిలో పుట్టి, తల్లినీ తండ్రినీ పోగొట్టుకున్న పిల్లల్ని. మేరీ దగ్గరికి వచ్చినవాళ్ళలో చాలామందికి తల్లిదండ్రులు బతికే ఉన్నారు. కొందరికి ఆ తల్లిదండ్రులే గురువులు, దొంగతనంలో. ముల్లర్ ఇళ్ళు దేవుడి విశ్వాస్యతకు సాక్ష్యం, మేరీ ఇళ్ళు పిల్లవాడి యోగ్యతకు సాక్ష్యం. రెండూ గొప్పవే. కానీ ఒకటి ఉన్నంత మాత్రాన రెండోదాని అవసరం తీరలేదన్నది కూడా నిజం.

రెండో ఆక్షేపణ ఇప్పటి చరిత్రకారులది. దయ పేరుతో పేదవాళ్ళ పిల్లల్ని మధ్యతరగతి అచ్చులో పోయడమే ఇదంతా అని. దీనికి ఆధారం మేరీ పుస్తకం అట్ట మీదే ఉంది. 1851 నాటి ఆ శీర్షికలో ఈ పిల్లల్ని నశిస్తున్న వర్గాలనీ ప్రమాదకర వర్గాలనీ రెండుగా విడదీసింది. రెడ్ లాడ్జ్ పిల్లలు బట్టలుతికి, కుట్లు కుట్టి, చివరికి పనిమనుషులుగా వెళ్ళేవాళ్ళు. కింగ్స్‌వుడ్ నుంచి పారిపోయినవాళ్ళూ తక్కువేం కాదు. 1858లో ఆమెకు తోడుగా వచ్చి ఉన్న రచయిత్రి ఫ్రాన్సెస్ పవర్ కాబ్ ఆ ఇంటి పని వేళల్నీ చప్పిడి తిండినీ తట్టుకోలేక మరుసటి ఏడాదికల్లా తప్పుకుంది. ఆకలి, అలసట అనేవి మేరీ నిఘంటువులో లేవేమో! ఆమె ప్రేమలో గట్టి పెత్తనం ఉంది, కాదనలేం. అయితే ఆ రోజుల్లో ఆ పిల్లల ముందున్న వేరే దారి స్వేచ్ఛ కాదు, జైలు గది. పోల్చాల్సింది మన కాలపు ఆదర్శంతో కాదు, పద్నాలుగు రోజుల జైలుతో.

నాకు ఈ చరిత్రలో అసలు లోపంగా కనిపించేది మరోచోట. మాటలు కోటలు దాటుతాయి, కాళ్ళు గడప దాటవు అంటారు. ఇక్కడ ప్రసంగం గడప దాటి సందుల్లోకి వెళ్ళింది. సందుల్లోని జనం మాత్రం గడప దాటి లోపలికి రాలేదు, రమ్మని పిలిచిందీ తక్కువే. టకర్‌మన్ పేదల కోసం బోస్టన్‌లో వేరే చాపెళ్ళు కట్టించాడు. బెంచీలు అమ్మనివి, ఎవరైనా కూర్చోగలిగేవి. లండన్, లివర్‌పూల్ ఉదారవాద సంఘాలూ అదే బాట పట్టి, పేదలకు వేరే మిషన్, వేరే గది, వేరే బోధకుణ్ణి పెట్టాయి. లివర్‌పూల్‌లో అలా కుదిరిన జాన్ జాన్స్, 1847లో కరువు నుంచి పారిపోయి వచ్చిన ఐరిష్ వాళ్ళ మధ్య తిరుగుతూ జ్వరం తగిలి చనిపోయాడు. ఆయన చందాదారులు పెద్ద చాపెల్‌లో, ఆయన మనుషులు మిషన్ గదిలో. ఒకే దేవుడన్న సంఘం రెండు తలుపులు పెట్టుకుంది. మొదటి తలుపు తీయడం కన్నా రెండో తలుపు కట్టడం చవక. బెంచీ అద్దె పోదు, మనస్సాక్షికీ లోటుండదు.

బెంచీ యజమాని చేతిలో బోధకుడి నోరు ఎంతవరకు ఉంటుందో చానింగ్‌కే అనుభవమైంది. 1840 జనవరిలో బానిసత్వ వ్యతిరేకి, యూనిటేరియన్ బోధకుడు చార్లెస్ ఫాలెన్ ఓడ అగ్నిప్రమాదంలో చనిపోయాడు. మసాచుసెట్స్ బానిసత్వ వ్యతిరేక సంఘం సంతాపసభకు ఫెడరల్ స్ట్రీట్ మందిరం అడిగింది. దాదాపు నలభై ఏళ్ళు అక్కడ బోధించిన చానింగ్ ఇవ్వాలనుకున్నాడు. సంఘ పెద్దలు కుదరదన్నారు. మనిషిలో దేవుని పోలిక గురించి అన్నేళ్ళు విన్న బెంచీలవి. ఆయన ఆ గాయంతోనే 1842లో పోయాడు. ఆడవాళ్ళ సంగతి మరో అధ్యాయం. సండేస్కూలు, సందర్శన, బడి, శరణాలయం, చందాల లెక్క, ఇలా సేవ బరువంతా మోసింది ఎక్కువగా వాళ్ళే. ఇంగ్లండ్‌లో ఒక యూనిటేరియన్ సంఘం స్త్రీని తన బోధకురాలిగా పెట్టుకోవడానికి 1904 దాకా ఆగాల్సి వచ్చింది: లెస్టర్‌లో గెర్ట్రూడ్ ఫాన్ పెట్జోల్డ్. మేరీ పోయిన ఇరవైయేడేళ్ళకు.

రామ్మోహన్ జ్ఞాపకం మేరీని భారతదేశం దాకా లాక్కొచ్చింది. ఆయన చివరి రోజుల గురించి పుస్తకం తెచ్చిన 1866లోనే, యాభై తొమ్మిదో ఏట, మొదటిసారి ఇక్కడ అడుగుపెట్టింది. తర్వాత మరో మూడుసార్లు వచ్చింది. ఆడపిల్లల బళ్ళకు ఆడపంతుళ్ళు కావాలని, వాళ్ళకు శిక్షణ పాఠశాలలు పెట్టాలని పట్టుబట్టింది. ఈశ్వరచంద్ర విద్యాసాగర్ ఆమెను బళ్ళకు తిప్పాడు. ఉత్తరపాడ నుంచి తిరిగొస్తూ బండి బోల్తాపడి దెబ్బతిన్న ఆయన ఆరోగ్యం మళ్ళీ కుదుటపడలేదు. ఆ శిక్షణ పాఠశాల నడవదని, మంచి ఇళ్ళ ఆడవాళ్ళు గడప దాటి పంతులమ్మలుగా రారని విద్యాసాగర్ ముందే చెప్పాడు. కలకత్తాలో 1869లో మొదలైంది 1872లో మూతపడింది. బ్రిస్టల్‌లో పిల్లవాడి వెనకే ఇంటిదాకా వెళ్ళాలన్న పాఠం నేర్చిన మనిషి, ఇక్కడ ఇళ్ళ లోపల ఏముందో తెలిసినవాడి మాటను పట్టించుకోలేదు.

అంతకన్నా లోతుగా నాటుకున్నది ఆరాధన పద్ధతి. కలకత్తాలో విలియం ఆడం నడిపే యూనిటేరియన్ ఆరాధనకు వెళ్ళి వస్తున్న రామ్మోహన్‌తో, మనకంటూ ఒక ప్రార్థన స్థలం ఎందుకుండకూడదని అనుచరులు అనడంతోనే 1828లో బ్రహ్మసభ మొదలైందంటారు. వారానికోసారి జనం కలవడం, ప్రార్థన, కీర్తన, మధ్యలో ఉపన్యాసం: ఆ చట్రమే తర్వాత రాజమండ్రిలో వీరేశలింగం ప్రార్థన సమాజానికి, కాకినాడలో రఘుపతి వెంకటరత్నం నాయుడి బ్రహ్మమందిరానికి చేరింది. ఉపన్యాసం వెనకే పని వచ్చింది: వితంతు వివాహాలు, బాలికల బళ్ళు, పిఠాపురం రాజా అండతో అనాథ శరణాలయం. వెంకటరత్నం నాయుడు 1904 నుంచి పిఠాపురం రాజా కళాశాల ప్రిన్సిపాలుగా ఉండి దళిత విద్యార్థుల్నీ ఆడపిల్లల్నీ చేర్చుకున్నాడు. వేరే గదిలో కాదు, అదే తరగతి బెంచీ మీద. ఇది కళాశాల కావడం వల్ల సాధ్యమైందని, ఆరాధన మందిరంలో అంత సులువు కాదని ఎవరైనా అంటే కాదనను. అయినా లూయిన్స్ మీడ్, ఫెడరల్ స్ట్రీట్ చేయలేకపోయిన పని బెంచీ దగ్గరే ఉందన్న సంగతి ఇక్కడ ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది.

మేరీ కార్పెంటర్ 1877 జూన్‌లో బ్రిస్టల్‌లోనే చనిపోయింది. ఆమెను ఆర్నోస్ వేల్ శ్మశానంలో పూడ్చారు. స్టేపుల్‌టన్ గ్రోవ్ తోటలోంచి రామ్మోహన్ అస్థికల్ని 1843లో ద్వారకానాథ్ ఠాగూర్ తరలించి ఛత్రి కట్టించింది అక్కడే. లూయిన్స్ మీడ్ మందిరం ఇప్పుడు ఆఫీసులు. ఆమె స్మారక ఫలకం ఉన్నది బ్రిస్టల్ కెథడ్రల్‌లో. దాని మీది వాక్యాలు రాసింది ఆమె తండ్రి బడిలో కలిసి చదివిన మార్టినో. త్రిత్వాన్ని కాదన్న స్త్రీకి త్రిత్వం పేరు మీద వెలిసిన కెథడ్రల్ గోడ మీద, త్రిత్వాన్ని కాదన్న బోధకుడు రాసిన మాటలు.